ఏ పూట మేత ఆ పూటకే

ఎండుగడ్డిని వామి వేసుకుని ఏడాదంతా పీక్కోవచ్చు. పచ్చిమేత అలా కాదు, దానిలో ముప్పాతిక వంతు నీరే. కోసిన మోపును కట్టు విప్పకుండా రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి లోపల వేడెక్కి, వాసన మారుతుంది. ఆవు మూతి తిప్పుకుంటుంది. అందుకే పాడి ఉన్న ఇంట్లో గడ్డికోత ఏ రోజుకారోజు తప్పని పని.

మన పల్లెల్లో కొన్ని చావిళ్ల పక్కన ఇప్పటికీ కనిపించే, కోసిన గడ్డిని ముక్కలు చేసే పాత చేతిచక్రం మిషను మీద నాకు మక్కువ. పోత ఇనుప చక్రం, దాని ఆకులకు బిగించిన రెండు కత్తులు, గడ్డిని లోపలికి లాగే పళ్ల రోలర్లు, ముందొక పొడవాటి తొట్టి. చక్రం బరువే దాని బలం. ఒకసారి ఊపందుకుంటే నేపియర్ గడ్డి ముదురు కాడ అడ్డొచ్చినా ఆగదు. కాడలు కాడలుగా వేస్తే ఆవు ఆకు తినేసి, మిగతాది కాళ్ల కింద తొక్కేస్తుంది. అంగుళం ముక్కలుగా నరికి వేస్తే గాడిలో మిగిలేది తక్కువ. కత్తి మొద్దుబారితే మాత్రం కాడ తెగదు, నలుగుతుంది. ఆ సంగతి తిప్పేవారి భుజానికి ముందే తెలిసిపోతుంది.

పాలిచ్చే ఆవుకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చిమేత కావాలి. ఒకటి రెండు ఆవులున్న ఇంటికి ఆ చక్రం సరిపోతుంది. నేపియర్ నాటిన 70, 75 రోజులకు మొదటి కోత, తర్వాత 45 రోజులకొకటి. రోజుకు కొంత చొప్పున కోసుకుంటూ మడి చివరికి చేరేసరికి మొదట కోసిన చోట మళ్లీ గడ్డి అందొస్తుంది. నేల, పశువు, మనిషి ఒక్క లెక్కలో నడవడం ఇక్కడ చూస్తాను. పచ్చజొన్న అయితే పూత దాకా ఆగాలి. లేత పైరులో, అందులోనూ ఎండకు వాడిన పైరులో నాము అనే విషం ఉంటుంది. సన్నగా నరికినంత మాత్రాన ఆ విషం పోదు. అది తెలుసుకుని కోయాల్సింది మనిషే.

ఈ పని మామూలుగా ఇద్దరిది. ఒకరు తిప్పుతారు, ఒకరు గడ్డి అందిస్తారు. అందించేవారి వేళ్లు తిప్పేవారి ధ్యాస మీద ఆధారపడి ఉంటాయి. మూత లేని ఈ రోలర్లకు, ముఖ్యంగా మోటారు తగిలించాక, చేతులు పోగొట్టుకున్నవారు ఉన్నారు. పాతదని మక్కువ పెంచుకుని ఈ నిజాన్ని పక్కన పెట్టలేను. రోలర్ల మీద రేకు మూత బిగించడానికి ఊళ్లో వెల్డింగు షాపు చాలు. పని అయ్యాక, పిల్లలు ముట్టుకున్నా తిరగకుండా చక్రానికి గొలుసు వేయడానికి క్షణం చాలు. ఆ మిషను ఇంకో తరం నడవాలనే నా కోరిక. ఆ మూత, ఆ గొలుసు ఉన్నప్పుడే అలా కోరే హక్కు నాకుంటుంది.