ఆశ్రయమిచ్చినవాళ్ళు: జపాన్ నుంచి మూడు ఉత్తరాలు

ఫుకువోకా

అన్నయ్యా,

నువ్వడిగిన మనుషుల ఊరు చేరాను. మన విప్లవకారుడు రాస్‌బిహారీ బోస్‌కి జపాన్‌లో ఆశ్రయమిచ్చింది ఎవరని క్లాసులో ఒక పిల్ల అడిగిందనీ, పాఠ్యపుస్తకంలో ఆ ఊసే లేదనీ రాశావు కదా. ఆయన తోయామా మిత్సురు. 1855లో ఇక్కడే ఒక సమురాయ్ ఇంట పుట్టాడు. మేజీ ప్రభుత్వం సమురాయ్‌ల భత్యాలు ఆపేసి, నడుమున కత్తి పెట్టుకోవడం కూడా నిషేధించాక, ఆ కుటుంబాల కుర్రాళ్ళు తిరుగుబాట్లకు దిగారు. 1877లో ఫుకువోకాలో లేచిన తిరుగుబాటులో ఎందరో చచ్చిపోయారు. అప్పటికి తోయామా జైల్లో ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు.

మిగిలినవాళ్ళు 1881లో గెన్యోషా అనే సంఘం పెట్టారు. దాన్ని రహస్య సంఘం అంటూ రాస్తారు గానీ, వాళ్ళకి సొంత పత్రిక ఉండేది, చట్టసభలో మనుషులు ఉండేవారు. చికుహో బొగ్గు గనుల నుంచి డబ్బు వచ్చేది. తోయామా మాత్రం జీవితంలో ఏ పదవీ తీసుకోలేదు. సంఘం పెట్టుకున్న నియమాలు మూడు: చక్రవర్తిని గౌరవించాలి, దేశాన్ని ప్రేమించాలి, ప్రజల హక్కులను కాపాడాలి. ఆ మూడోది చదివి నేను ఆశ్చర్యపోయాను. వీళ్ళు బయల్దేరింది నిజంగానే పార్లమెంటు కావాలనీ, రాజ్యాంగం కావాలనీ. 1892 ఎన్నికలు వచ్చేసరికి అదే గెన్యోషా ప్రభుత్వం పక్కన చేరి ప్రతిపక్షం మీదికి కర్రలూ కత్తులూ పట్టుకుని వెళ్ళింది. పదకొండేళ్ళలో మూడో నియమం గాలికి పోయింది.

పొద్దున సోఫుకుజి అనే బౌద్ధాలయంలో వీళ్ళ సమాధులు చూశాను. అక్కడ నేను ఎక్కువసేపు నిలబడింది తోయామా సమాధి దగ్గర కాదు, ఆయన గురువు తకబా రాన్ సమాధి దగ్గర. ఆవిడ కంటి వైద్యురాలు. మగవాళ్ళ బట్టలు వేసుకుని, నడుమున కత్తి పెట్టుకుని తిరిగేదట. ఒకప్పుడు జిన్‌సెంగ్ మొక్కలు పెంచిన తోటలో బడి నడుపుతూ, ఎవరి మాటా వినని ఈ కుర్రాళ్ళకి చైనా ప్రాచీన గ్రంథాలు చెప్పింది. అదే ఆవరణలో కురుషిమా త్సునెకి సమాధి కూడా ఉంది. విదేశాలతో ఒప్పందాల విషయంలో దేశం పరువు తీస్తున్నాడన్న కోపంతో 1889 అక్టోబరులో విదేశాంగ మంత్రి ఓకుమా షిగెనోబు బండి మీద బాంబు విసిరి, అక్కడికక్కడే గొంతు కోసుకున్నాడు. ఓకుమా కుడి కాలు పోయింది. ప్రభుత్వం ఆ చర్చలు ఆపేసింది. ఒక్క బాంబుతో ప్రభుత్వం వెనక్కి తగ్గుతుందని తెలిశాక, ఆ దారిన నడిచేవాళ్ళకి కొదవ ఉంటుందా?

మధ్యాహ్నం కుషిదా ఆలయానికి వెళ్ళాను. జూలైలో యమకాసా ఉత్సవం జరిగే గుడి ఇదే. ఏడాది పొడుగునా ఉంచే ఎత్తైన అలంకారపు రథం ముందు పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. ఈ గుడి భాండాగారంలో ఒక కత్తి ఉంది. దాన్ని ఎవరికీ చూపించరు. 1895 అక్టోబరు 8 తెల్లవారుజామున జపాన్ రాయబారి మియురా గోరో ఏర్పాటు ప్రకారం జపానీయులు గుంపుగా సియోల్ రాజప్రాసాదంలో చొరబడి కొరియా రాణి మిన్‌ని నరికి చంపారు. ఆ గుంపులో ఒకడైన తో కత్సుఆకి అప్పుడు పట్టుకున్న కత్తిని 1908లో ఈ దేవుడికి సమర్పించాడు. హంతకుల్ని హిరోషిమాలో విచారించి, సాక్ష్యం చాలదని అందరినీ వదిలేశారు. తీర్థంలా చన్నీళ్ళు పట్టే చోట నేనూ చేతులు కడుక్కున్నాను గానీ, దణ్ణం పెట్టబుద్ధి కాలేదు.

షింజుకు, టోక్యో

అన్నయ్యా,

బోస్‌ని దాచిన రొట్టెల కొట్టు నకమురాయాలో భోంచేశాను. అన్నం వేరే పళ్ళెంలో, కూర ముక్కు ఉన్న చిన్న గిన్నెలో తెచ్చారు. ఎముకతో ఉన్న కోడిముక్కలు, పలచగా కాక చిక్కగా ఉన్న పులుసు, పక్కన రకరకాల ఊరగాయలు. కారం మనకి చాలదు గానీ మసాలా వాసన మాత్రం మన ఇంటిదే. 1927లో ఈ కూర మొదలుపెట్టినప్పుడు ధర 80 సెన్‌లు. మామూలు హోటళ్ళలో అప్పుడు కర్రీ 10, 12 సెన్‌లకే దొరికేదట. ఇంగ్లీషువాళ్ళ పిండి కలిపిన కర్రీని చూసి ఇది మా దేశపు కూర కాదని బోస్ పట్టుబట్టి చేయించిన వంట ఇది.

బోస్ 1912లో ఢిల్లీలో వైస్రాయి హార్డింజ్ మీద బాంబు వేయించిన మనిషి. 1915 గదర్ తిరుగుబాటు పథకం బయటపడ్డాక జపాన్‌కి తప్పించుకొచ్చాడు. మన దరిశి చెంచయ్యగారు చేరిన గదర్ పార్టీదే ఆ పథకం. జపాన్ అప్పుడు బ్రిటన్‌కి మిత్రదేశం. ఆ ఏడాది చివర్లో బోస్‌నీ, హేరంబలాల్ గుప్తానీ దేశం విడిచి పొమ్మని ఆర్డరు వేశారు. గడువు ముగిసేలోగా ఇద్దరూ తోయామాకి సెలవు చెప్పే మిషతో ఆయన ఇంటికి వెళ్ళారు. పోలీసులు ముందు వాకిట్లో కాపు కాశారు. వీళ్ళు పెరటి దారిన బయటపడి కారెక్కి, ఈ రొట్టెల కొట్టు చేరారు. కొట్టు యజమానులు సోమా ఐజో, ఆయన భార్య కొక్కో. పెరట్లో చిత్రకారుడి కోసం కట్టిన గదిలో నెలల తరబడి దాచారు. పనివాళ్ళందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. కొక్కో ఆ రోజుల్లో పసిబిడ్డ తల్లి. ఆ బిడ్డ పోయింది. దాచిన మనుషుల కోసం పడిన ఆందోళనకి పాలు ఎండిపోయాయని చెప్పుకుంటారు. తర్వాత తోయామా మాట మీద పెద్ద కూతురు తొషికోని 1918లో బోస్‌కిచ్చి పెళ్ళి చేశారు. ఇద్దరు పిల్లల్ని కని ఆవిడ 1925లో చిన్న వయసులోనే పోయింది.

ఈ రొట్టెల కొట్టు దంపతులకి మనం చెయ్యెత్తి మొక్కాలి. వాళ్ళకి బోస్ నుంచి ఏ లాభమూ అక్కర్లేదు. తోయామా సంగతి వేరు. ఆయన అనుచరుడు ఉచిదా ర్యోహే 1901లో కొకుర్యూకై అనే సంఘం పెట్టాడు. రష్యాని ఆమూర్ నది అవతలికి తరమాలన్నది దాని లక్ష్యం. అదే ఉచిదా కొరియాని జపాన్‌లో కలిపేయడానికి సియోల్‌లో మనుషుల్ని కూడగట్టాడు. 1910లో ఆ పని అయిపోయింది. మనకి స్వాతంత్ర్యం రావాలన్నవాళ్ళే కొరియావాళ్ళకి ఉన్నది ఊడగొట్టారు. వీళ్ళు ఆసియా అన్న ప్రతిసారీ ఆ ఆసియాకి పెద్దన్న ఎవరో ముందే తేల్చుకుని మాట్లాడారు. బోస్‌కి ఇది తెలియకపోలేదు. 1920లలో చైనా పట్ల జపాన్ తీరుని అక్షరాలా తప్పుపట్టాడు. తర్వాత తర్వాత ఆ గొంతు సన్నగిల్లింది. ఎవరి నీడన బతుకుతున్నాడో వాళ్ళని ఎంతవరకు అనగలడు? ఆయన్ని నేను తూలనాడలేను అన్నయ్యా. అలాగని ఆ మౌనాన్ని దాచిపెట్టి ఆయన బొమ్మకి దండ వేయనూ లేను.

నిహొన్‌బాషి, టోక్యో

అన్నయ్యా,

మిత్సుయి వ్యాపార సంస్థ ప్రధాన భవనం ఎదుట పేవ్‌మెంటు మీద కూర్చుని రాస్తున్నాను. 1929లో కట్టిన రాతి మేడ, వరసగా బలమైన స్తంభాలు. 1932 మార్చి 5న కారు దిగుతున్న మిత్సుయి అధినేత దాన్ తకుమాని ఇక్కడే కాల్చి చంపారు. కాల్చినవాడు పల్లెటూరి కుర్రాడు. ఇనోవె నిష్షో అనే నిచిరెన్ బౌద్ధ శాఖ బోధకుడు ఇబరాకి పల్లెల్లో కుర్రాళ్ళని పోగుచేసి, ఒక్కొక్కరూ ఒక్కొక్కణ్ణి చంపాలని చెప్పాడు. పంటల ధరలు పడిపోయి రైతులు ఆకలితో ఉన్న కాలం. ధనవంతుల్నీ మంత్రుల్నీ చంపేస్తే దేశం శుద్ధి అవుతుందని నమ్మించాడు. ఆ కుర్రాళ్ళ ఆకలి నిజం. దాన్ని ఏ పనికి వాడాడన్నదే నాకు కడుపు మండించేది. ఫిబ్రవరిలో మాజీ ఆర్థిక మంత్రి ఇనోవె జున్నొసుకె పోయాడు, మార్చిలో దాన్. దాన్ కూడా ఫుకువోకావాడే.

పోలీసులు వెతుకుతుంటే నిష్షో ఎక్కడ తలదాచుకున్నాడో తెలుసా? తోయామా ఇంటి పక్కన, ఆయన కొడుకు హిదెజో నడిపే సంఘం శిక్షణశాలలో. పదిహేడేళ్ళ కిందట బోస్‌ని దాచిన ఇల్లు కాదు, మనిషి మాత్రం ఆయనే. ఆ పెద్దమనిషి దగ్గరికి పోలీసులు జంకకుండా వెళ్ళలేకపోయారు. బోస్‌ని కాపాడిందీ ఆ జంకే. చట్టానికి అందని ఇల్లు ఒకటుంటే అందులోకి విప్లవకారుడూ వస్తాడు, హంతకుడూ వస్తాడు.

రెండు నెలలకి, మే 15న, నౌకాదళ యువ అధికారులు ప్రధాని ఇనుకాయ్ త్సుయొషి ఇంట్లో చొరబడ్డారు. ఆయన వయసు 76. కూర్చుని మాట్లాడుకుందామన్నాడు. కాల్చేశారు. ఇనుకాయ్, తోయామా పాత మిత్రులు. చైనా నాయకుడు సున్ యట్-సెన్‌కి అండగా నిలిచినవాళ్ళు, 1911 విప్లవం వేళ ఇద్దరూ చైనా వెళ్ళారు. ఈ హత్య కేసులో అరెస్టయినవాళ్ళలో హిదెజో ఉన్నాడు. స్నేహితుణ్ణి చంపిన కుట్రలో సొంత కొడుకు.

విచారణలో జనం హంతకుల పక్షాన నిలిచారు. క్షమించమంటూ లక్షకు పైగా సంతకాలు చేరాయి. చాలామంది రక్తంతో చేశారు. నియిగాతా కుర్రాళ్ళు తొమ్మిదిమంది తమ వేళ్ళు కోసి సీసాలో పెట్టి పంపారు. ఒక్క అధికారికీ ఉరి పడలేదు. ఎక్కువలో ఎక్కువ పదిహేనేళ్ళు వేశారు, అవీ పూర్తిగా అనుభవించలేదు. నాలుగేళ్ళు తిరక్కుండానే, 1936 ఫిబ్రవరి 26న, దాదాపు 1,500 మంది సైనికులు టోక్యో నడిబొడ్డున ప్రభుత్వ పెద్దల్ని చంపుతూ తిరిగారంటే అందులో నాకు వింతేమీ కనిపించదు. ఈసారి మరణశిక్షలు పడ్డాయి. కానీ అప్పటికి సైన్యానికి ఎదురు మాట్లాడే మంత్రులు కరవయ్యారు.

రేపు అవోయామా శ్మశానంలో ఇనుకాయ్ సమాధి చూసి, పూలు పెట్టి, రాత్రి విమానం ఎక్కుతాను. నకమురాయా వాళ్ళ కర్రీ ప్యాకెట్లు నాలుగు కొన్నాను. కారం చాలదు కాబట్టి వదినని పచ్చిమిరపకాయలు సిద్ధంగా పెట్టమను.

నీ చెల్లెలు