వంగితేనే దాహం తీరేది

మనకు దాహం వేస్తే నీళ్లే నోటి దగ్గరికి వస్తాయి. చెంబు ఎత్తుతాం, లేదంటే దోసిలి పడతాం. నాలుగు కాళ్ల జీవికి ఆ వీలు లేదు. నోరే నీటి దాకా దిగాలి.

కాడి దించాక తొట్టి దగ్గర ఎద్దును గమనించండి. ముందు నీళ్లు వాసన చూస్తుంది. మూతి ముంచినా ముక్కుపుటాలు తడవనివ్వదు. పెదవులు సన్నగా తెరిచి చప్పుడు లేకుండా పీలుస్తుంది. గుటక వెంట గుటక మెడలో పాకడం బయటికే కనిపిస్తుంది. తల కిందికి ఉంది కాబట్టి ఆ నీరు ఎగువకు ప్రయాణం చేయాలి. ఆహారనాళం కండరాలు వరసగా బిగుస్తూ దాన్ని పైకి నెడతాయి.

కుక్కా పిల్లీ అలా పీల్చలేవు. వాటి బుగ్గలు అందుకు తగినట్టు మూసుకోవు. కుక్క నాలుకను వెనక్కి మడిచి నీళ్లలోకి కొడుతుంది. పిల్లి పని నాజూకు. ఒదిగి కూర్చుని, నాలుక కొసను నీటికి అలా తాకించి చప్పున లాగేస్తుంది. దాని వెంట లేచిన సన్నటి నీటిధార తిరిగి పడేలోపే నోరు మూసేస్తుంది. ఇలా సెకనుకు సుమారు నాలుగుసార్లని 2010లో అమెరికా పరిశోధకులు తేల్చారు. ఏనుగుకు మాత్రం వంగే పనే లేదు. తొండంలోకి పీల్చుకుని నోట్లో పోసుకుంటుంది.

అసలు కష్టమంతా జిరాఫీది. అంత పొడుగు మెడ ఉండీ, నిలబడితే మూతి నేలకు అందదు. ముందు కాళ్లు బార్లా చాపాలి, లేదా మోకాళ్లు వంచాలి. అంత ఎత్తు నుంచి తల ఒక్కసారిగా దిగినా రక్తం మెదడు మీదికి పోటెత్తకుండా దాని రక్తనాళాల్లో ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. సింహం నుంచి కాపాడే ఏర్పాటు మాత్రం లేదు. ఆ భంగిమలోంచి లేచి పరుగందుకునే సరికి ఆలస్యమవుతుంది.

వంగి తాగే ఏ జంతువైనా ఆ కాసేపు కళ్లూ మెడా నీటికి అప్పగించేస్తుంది. చెరువు గట్టున జింక నాలుగు గుటకలకోసారి తలెత్తి చూసేది అందుకే. దాహం ఎంతున్నా భయం దాన్ని ఆపగలదు.

వేసవిలో వీధి పశువులకు నీళ్లు పెట్టేవాళ్లకు నా మనవి ఒక్కటే. మూతి వెడల్పుగా ఉన్న బరువైన తొట్టి పెట్టండి. ఇరుకు మూలన కాక నాలుగు వైపులా కనిపించే చోట ఉంచండి. కుక్కలకూ మేకపిల్లలకూ పక్కనే ఓ లోతు తక్కువ మూకుడు చాలు. నీళ్లు పోశాక దూరంగా జరగండి. అవి నిశ్చింతగా తల వంచగలగాలి.