ఇద్దరు రాసిన లెక్క

ఈ సెమిస్టర్‌లో నాకు వచ్చిన ల్యాబ్ పని డైరెక్టరీ సర్వర్. మన లాగిన్ పేర్లు, పాస్‌వర్డ్‌లు ఉండేది అందులోనే. ఒక్క సర్వరే ఉంటే అది పడిపోయిన రోజు ఎవరమూ లాగిన్ కాలేం. అందుకే కాపీలు పెడతారు. మల్టీ-మాస్టర్ పద్ధతిలో అయితే ఏ మాస్టర్ కాపీలోనైనా రాయొచ్చు, రాసింది మిగతావాటికి వెళ్తుంది.

మాస్టర్లు ఎన్ని ఉంటే అంత మంచిది అనుకున్నాను. రెడ్ హ్యాట్ డైరెక్టరీ సర్వర్‌లో మాత్రం 20 వరకే సపోర్ట్ అని చదివాను. ఎందుకో లెక్క వేసి చూశా. ప్రతి మాస్టరూ మిగతా అన్నిటికీ నేరుగా పంపాలంటే 4 మాస్టర్లకు 12 దారులు, 20 మాస్టర్లకు 380! పైగా ఒకచోట రాసింది అన్నిచోట్లా మళ్లీ రాయాలి కాబట్టి, మాస్టర్లు పెరిగినంత మాత్రాన రాసే పని తగ్గదు.

ఇంకో చిక్కుంది. లింకు తెగినప్పుడు రెండు చోట్ల ఒకే విలువను మారిస్తే? టైమ్‌స్టాంప్ చూసి, తర్వాత రాసినదే ఉంచుతారు. అది చదవగానే మా నాన్న, పెదనాన్న గుర్తొచ్చారు.

మాకు ఉద్దానంలో ఉమ్మడి కొబ్బరితోట ఉంది. లెక్కల పుస్తకం ఒకటి కవిటి దగ్గర పెదనాన్న ఇంట్లో, ఇంకోటి విజయనగరంలో మా ఇంట్లో. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. పెదనాన్న తోటంతా తిరిగి, పడిపోయిన చెట్లు 61 అని రాశారు. మర్నాడు అటునుంచి వచ్చిన చుట్టం మాట విని నాన్న 43 అని రాశారు.

ఫోన్లు వచ్చాక మొదలైంది గొడవ. "నాను సెట్టుసెట్టుకీ తిరిగి లెక్కెట్టినాన్రా. మీ నాన్న ఇజీనారంలో కూకొని రాసీసినాడు" అని పెదనాన్న నాతో అన్నారు. అన్నదమ్ములిద్దరూ సంక్రాంతి దాకా మాట్లాడుకోలేదు. సర్వర్ రూల్ ప్రకారం అయితే నాన్నదే గెలుపు, తర్వాత రాసింది ఆయనే కదా! ఆ రూల్ కాపీలన్నీ ఒకేలా ఉండేలా చూస్తుందంతే. ఏది నిజమో దానికేం తెలుసు?

పండక్కి వెళ్లినప్పుడు ఇద్దరూ కలిసి తోటలో మోళ్లు లెక్కపెట్టారు. 58 తేలాయి.

ల్యాబ్‌లో నా ప్లాన్: రెండే మాస్టర్లు, మిగతావి చదవడానికి మాత్రమే. ఇంట్లో ఇంకా సింపుల్. పుస్తకం పెదనాన్న దగ్గరే, నాన్నకి వాట్సాప్‌లో ఫోటో వస్తుంది.