ఇంటి కొలను

లేని దానిని సంపాదించుట యోగమనియు, సంపాదించిన దానిని కాపాడుకొనుట క్షేమమనియు మన పెద్దలు విభజించి చెప్పిరి. ఈ మాటలకు అర్థమును మేము ఇరువది యేండ్లుగా తరగతిలో పిల్లలకు బోధించుచునే యున్నాము. మాకు మాత్రము ఆ యర్థము నిరుటి భాద్రపద మాసమున, రొమ్ములోతు నీటిలో నిలిచి వణకుచున్న యొక తల్లి యెదుట తెలిసినది.

మా బావగారు హైదరాబాదు శివార్లలో ఇల్లు కట్టించి, పెరటిలో ఈతకొలనొకటి త్రవ్వించిరి. పొడవు ఇరువది యడుగులు, వెడల్పు పది, లోతు నాలుగు. అడుగున నీలిపలకలు పఱపించి, నడుమ ఎఱ్ఱపలకలతో చేపబొమ్మ నొకదానిని పొదిగించిరి. గృహప్రవేశమునాడు బంధువులందఱును ఒడ్డున నిలిచి ఫొటోలు తీయించుకొనిరి. నీటిలో దిగినవారు లేరు; ఏలయన, ఈత వచ్చినవారు లేరు. పిమ్మట మా బావగారును అక్కగారును అమెరికాలోని కుమారుని యొద్దకు ఏడాదికై వెళ్లుచు, "ఏమోయ్ బావమరిదీ! నీ బడి ఇక్కడికి దగ్గఱే గదా! మా యింట నుండుము. కొలనికి నీవు చేయవలసిన దేమియు లేదు" అని తాళముల గుత్తి మా చేత బెట్టిరి. ఆ కడపటి వాక్యమును నమ్మి మేము కాపురము మార్చితిమి.

చేరినది వైశాఖము. వారము తిరుగకమునుపే నీరు రెండంగుళములు తగ్గెను. కొలను కారుచున్నదని భయపడి, ఒక బకెట్టును నీటితో నింపి కొలని మెట్టుపై నుంచి చూచితిమి. బకెట్టులోని నీరును అంతే తగ్గెను. అది కారుట గాదు, ఎండకు ఆవిరియగుట. ఎండ నీటికే కాదు, క్లోరినుకును శత్రువు. ఉదయము వేసిన మందు సాయంకాలమునకు చాలవఱకు నశించును. కావున ప్రొద్దు గ్రుంకిన పిమ్మట వేయుట మేలు. మా కొలనిలో పట్టు నీరు సుమారు 22,650 లీటర్లు. లీటరు నీటికి కనీస మొక మిల్లీగ్రాము క్లోరిను నిలిచి యుండవలెను. నూటికి 33 పాళ్లు క్లోరిను గల బ్లీచింగు పౌడరైనచో, 70 గ్రాములు వేసిన ఒక మిల్లీగ్రాము పెరుగును. పొడిమీద నీరు పోయరాదు. ప్లాస్టిక్ బకెట్టులోని నీటిలో పొడి వేసి కలిపి, మడ్డి దిగిన పిమ్మట పైతేటను మాత్రము కొలనిలో పోయవలెను. నీటి ఆమ్లక్షారముల కొలత 7.2కును 7.8కును నడుమ నుండవలెను; అంతకు మించినచో క్లోరిను ఉండియు చుఱుకుగా పనిచేయదు. ఆ కొలతను తగ్గించు ఆమ్లమును మాత్రము క్లోరినుతో ఒకచోట ఎన్నడును చేర్చరాదు. చేర్చినచో విషవాయువు పుట్టును. ఇసుక ఫిల్టరుకు మురికి పట్టి దానిపై గల ముల్లు పైకి లేచినపుడు, నీటిని ఎదురుగా నడిపి కడుగవలెను. ఇవన్నియు బడిలో చదివిన రసాయనశాస్త్రమే యైనను, మీసములు నెరసిన తరువాత గాని మాకు అక్కఱకు రాలేదు.

ఒకనాడు ఆ నీటిని బిందెలతో లెక్కించి చూచితిమి. పదునేను లీటర్ల బిందెలు 1,510 అయినవి. ఆ యింటి కాపలాదారుని భార్య పుట్టిల్లు పాలమూరు సీమ. చిన్ననాట వేసవిలో ఒక్క బిందె నీటికై ఎంత దూరము నడిచెడిదో ఆమె మా గృహిణితో చెప్పుచుండగా విని, మేము తల వంచుకొంటిమి. ఇంత నీటిని వినోదమునకై పెరటిలో నిలుపుకొనుట న్యాయమా యను ప్రశ్న నేటికిని మమ్ము వదలలేదు. ఒక్కటి మాత్రము తెలిసికొంటిమి: దినదినము కాపాడినచో అదే నీరు ఏండ్ల తరబడి పనికివచ్చును. ఏమఱినచో 1,510 బిందెలును మురికికాలువ పాలగును. విలాసమును నిర్మించినవాడు బద్ధకమును కూడ దానికి చేర్చెనేని, అది రెండవ తప్పు.

ఇట్లు తెలిసియు మేము ఏమఱితిమి. వానకాలము వచ్చెను. ఆకాశమే నింపుచుండగా మనకేమి పని యనుకొంటిమి. వాననీరు క్లోరినును పలుచన చేయుననియు, ఆకులను దుమ్మును తెచ్చిపోయుననియు, ఆ మేతకు పాచి పెరుగుననియు తలపలేదు. పరీక్షపత్రములు దిద్దు తొందరలో పదిదినములు కొలని మొగము చూడలేదు. విద్యుత్తు ఖర్చు కలిసివచ్చునని పంపును గూడ ఆపితిమి. నీరు ఊరచెఱువువలె పచ్చబడెను. పండ్రెండేండ్ల మా అమ్మాయి వచ్చి, "నాన్నగారూ, అడుగున చేప కనబడుటలేదు" అని చెప్పినది. "పరీక్షలు కానిమ్మమ్మా" అంటిమి. ఆ బిడ్డయే వేసవిలో ఈత నేర్చుకొందునని అడిగినప్పుడు, "బంధువులేమందురు?" అని త్రోసివేసితిమి. స్త్రీవిద్యను గూర్చి సభలలో ఉపన్యసించిన నోటితోనే ఆ మాట యంటిమి.

ఆ మఱునాటి సాయంకాలము కాపలాదారుని కుమారుడు, ఆరేండ్లవాడు, బంతికై పరుగెత్తి కొలనిలో పడెను. చప్పుడు విని మేము వసారానుండి పరుగెత్తి వచ్చితిమి. బంతి నీటిపై దేలుచున్నది. పిల్లవాడు కనబడలేదు. పచ్చని నీరు తప్ప మఱేమియు కనబడలేదు. చదువరులారా! మేము ఒడ్డున నిలిచిపోతిమి. మాకు ఈత రాదు, అడుగు కనబడదు, ఎచ్చట దిగవలెనో తెలియదు. వెనుకనుండి వచ్చిన తల్లికిని ఈత రాదు. ఆమె నిలువలేదు. చీరతోనే దుమికి, కాళ్లతో అడుగును తడవుచు నడచినది. నాలుగవ అడుగుననో అయిదవ అడుగుననో ఆమె పాదమునకు బిడ్డ తగిలెను. పైకెత్తగానే దగ్గెను, నీరు క్రక్కెను, ఏడ్చెను. ఆ యేడుపు వంటి సంగీతమును మేము వినియుండలేదు. ఊపిరితిత్తులలో నీరు చేరిన యెడల కొన్ని గంటలకు పిమ్మటనైన బాధించునని వైద్యులు ఆ రాత్రి వానిని ఆసుపత్రిలోనే యుంచిరి.

మఱునాడు ఆమె మమ్ము నిందించునని యెదురుచూచితిమి. ఆమె నిందింపలేదు. "సారూ, ఇంకేం అడుగను. అడుగు కనవడేటట్టు ఉంచుండ్రి, గంతే" అన్నది.

నీటి నిర్మలత్వము కంటి కింపునకై యని అంతవఱకు తలచుచుంటిమి. మునిగిన బిడ్డ పైవారికి కనబడుటకై యని ఆనాడు తెలిసెను. మూడు రాత్రులు వరుసగా మందు అధికముగా వేసి, గోడలను బ్రష్షుతో రుద్ది, పంపును రేయింబవళ్లు నడిపితిమి. నాలుగవనాడు చేపతోక కనబడెను. అయిదవనాడు కన్నును కనబడెను. బావగారికి సంగతియంతయు వ్రాసి, వారి యనుమతితో చుట్టును నిలువుకమ్ముల కంచె కట్టించి, తనంతట మూతపడి గడియపడు తలుపు పెట్టించితిమి.

పిమ్మట ఈతపాఠములు ఆరంభమయ్యెను. గురువు కాపలాదారుడే. చిన్ననాట నడుమునకు ఎండిన సొరకాయబుఱ్ఱ కట్టుకొని ఊరబావిలో నేర్చినవాడు. శిష్యులు ముగ్గురు: వాని కుమారుడు, మా అమ్మాయి, నలుబదియైదేండ్ల మేము. మొదట నేర్చినది పిల్లవాడు, తరువాత మా అమ్మాయి. కడపటి శిష్యుడెవరో చెప్పనక్కఱలేదు.

దీపావళికి వచ్చిన బంధువులు కొందఱు ఒంటినిండ నువ్వులనూనె పూసికొని కొలనిలో తలంటికి సిద్ధపడిరి. నూనె క్లోరినును తినివేయునని, ముందుగా కుళాయిక్రింద స్నానము చేసి రండని బతిమాలితిమి. వారిలో ఒక పెద్దమనిషి, "ఆ కాపలావాని పిల్లవాడు దిగిన నీటిలో మేమెట్లు దిగుదుము?" అనెను. మేము పరీక్షగొట్టమును తెచ్చి చూపి, "అయ్యా! ఈ నీరు చెమట నెఱుగును, నూనె నెఱుగును, మూత్రము నెఱుగును. కొలనియొద్ద ఘాటుగా వచ్చు వాసన సైతము మందు ఎక్కువై వచ్చునది కాదు, మన మలినముతో క్లోరిను కలిసి పుట్టినది. కులమును కొలుచు మందు మాత్రము ఈ పెట్టెలో లేదు" అంటిమి. ఆయన దిగలేదు. కొలనికి ఆనాడు కొంత నూనె తప్పినది.

చలికాలమున ఎవరును నీట దిగకున్నను పంపు నాపలేదు, రాలిన ఆకులను వలతో తీయుట మానలేదు. ఉగాదికి మా బావగారు తిరిగివచ్చి, ఒడ్డున నిలిచి, "కట్టించినప్పటివలెనే యున్నదోయ్!" అని సంతోషించిరి. మా అమ్మాయి ఆ చివరనుండి ఈ చివరకు ఈది చూపినది. అక్కగారు ఆశ్చర్యపడి, మఱునాటి నుండి తామును నేర్తు ననిరి.

ఇప్పుడు మేము మా పాత యింటికి వచ్చితిమి. అయినను ఆదివారము ఉదయము అక్కడికి పోవుట మానలేదు. మాకంటె ముందే ఆ పిల్లవాడు కంచెయొద్ద నిలిచి కమ్ములసందున తొంగి చూచుచుండును. "సారూ, చేప కనవడ్తుంది" అని వాడు కేక వేసిన పిమ్మటనే తలుపు తెఱచుట మాలో నియమము.