ఊఁ కొట్టేవాళ్లు

రెండేళ్ల కిందట ఓ ఆదివారం, హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో కాశీమజిలీ కథల సంపుటం ఒకటి దొరికింది. అట్ట ఊడిపోయింది, మొదటి నాలుగు పేజీలు లేవు. బేరమాడి తెచ్చుకున్నాను. సిద్దిపేటకు చేరిన నాటి నుంచి అది నా దగ్గర పట్టుమని పది రోజులు నిలవలేదు. ఒకరు ఇస్తే ఇంకొకరు పట్టుకుపోయారు. తిరిగొచ్చిన ప్రతిసారీ పుస్తకంతో పాటు ఒక మాట కూడా వచ్చేది.

మధిర సుబ్బన్న దీక్షితులు రాజమహేంద్రవరంలో ఉండి ఈ కథల్ని 12 భాగాలుగా రాశారు. ఎత్తుగడ చాలా సులువైనది. మణిసిద్ధుడనే యతి కాలినడకన కాశీకి పోవాలి, తోడు కావాలి. పశువులు కాసే పిల్లవాడొకడు వస్తానన్నాడు గానీ, షరతు పెట్టాడు. మజిలీ చేసిన ప్రతిచోటా తన కంటబడ్డ వింత ఏమిటో, దాని వెనక కథేమిటో చెప్పాలి. యతి దగ్గర మహిమగల మణి ఉంది కాబట్టి ఒప్పుకున్నాడు. ఇక రాజులు, మాంత్రికులు, శాపాలు, గగన విహారాలు, ఒక కథ కడుపులోంచి ఇంకో కథ.

పుస్తకం మొదట తీసుకెళ్లింది మా వీధిలోని రిటైర్డ్ తెలుగు సారు. వారం తర్వాత కోమటి చెరువు కట్ట మీద నడుస్తుంటే ఎదురుపడి, ‘ఎవరు ఎవరికి చెప్తున్నరో తెల్వక రెండుసార్లు వెనక్కి తిప్పిన. అయినా విడిచిపెట్ట బుద్ధి కాలే’ అన్నారు. ఆ గ్రాంథికంలో ఉన్న నడకను మెచ్చుకుంటూ కట్ట చివరిదాకా వచ్చారు. పక్కింటి డిగ్రీ కుర్రాడికి ఆ నడకే అడ్డం పడింది. ‘అంకుల్, వర్ణనలు మస్తున్నయ్, దాటేసిన. కానీ ఈ మాంత్రికున్ని నేను టీవీల చూసిన’ అన్నాడు. తప్పేమీ లేదు. 1951 నాటి పాతాళభైరవికి వేళ్లు ఈ కథల్లోనే ఉన్నాయి. పుస్తకం తెరవని వాళ్లకు కూడా ఇందులో సగం ముందే తెలుసు.

మా మేనకోడలు మాత్రం పుస్తకాన్ని బల్ల మీద కొంచెం గట్టిగానే పెట్టింది. ‘రాజకుమార్తెను ఎవ్వరూ ఏమీ అడగరేంది మామా? చూడంగనే మూర్ఛ పోవుడు, లేవంగనే పెండ్లి’ అంది. కాలం అలాంటిదమ్మా అనబోయి ఊరుకున్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు.

ముగ్గురూ ఒకే పుస్తకం చదివారు. ఒకరికి భాష దొరికింది, ఒకరికి సినిమా, ఒకరికి కోపం. ఉన్నమాట చెప్పాలంటే నేనూ ఏదో ఒక పక్క చేరి, ఎవరిది సరైన అభిప్రాయమో తేల్చాలని చూశాను. ఆ పని నాకు తప్పించింది నాలుగో పాఠకురాలు. ఆమెకు చదువు రాదు.

మా ఊరి గొల్లభామ చీరె తెలిసినవారికి ఆమె ఇల్లు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కొడుకు మగ్గం మీద కూర్చుంటే, ఆమె గడప దగ్గర రాట్నం ముందేసుకుని కండెలు చుడుతుంది. తలమీద కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మ ఊరికే రాదు. రంగు పోగును చేత్తో ఒక్కొక్కటే పడుగులోకి ఎక్కిస్తుంటే మొదట పాదాలో, కుచ్చిళ్లో, ఎంతోసేపటికి గాని కుండ కనిపించదు. సెలవుల్లో మనుమడు పుస్తకం తీసుకెళ్లి, కండెలు చుట్టే నానమ్మకు చదివి వినిపించాడు. తిరిగిస్తుంటే ఆమె కూడా వచ్చింది. పేజీ అంచున పసుపు వేలిముద్ర ఒకటి కనిపించింది.

‘కథలెట్లున్నయి అవ్వా?’ అన్నాను.

‘కథలకేంది బిడ్డా, మంచిగనే ఉన్నయి. ఆ పసులపోరడు కాశి చేరిండా లేదా?’

నేను నోరు మెదపలేకపోయాను. ఇన్నాళ్లూ ఇంతమంది మాట్లాడారు. ఆ పిల్లవాడి సంగతి ఒక్కరూ ఎత్తలేదు, నేను కూడా. వాడు కథలు తగిలించుకునే కొక్కెమని అనుకున్నాం. కానీ వాడు అడగకపోతే యతి నోరు విప్పడు, మణి వెలగదు. ఈ 12 భాగాల్లో మొట్టమొదటి పాఠకుడు ఆ పసులపోరడే.

మా నానమ్మ శాత్రం, అంటే కథ, మొదలుపెట్టే ముందు ఒకే మాట అనేది, ‘ఊఁ కొట్టకుంటే ఆపేస్త’. మా జిల్లాలోనే ఉన్న కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా మల్లన్న జాతర సాగుతుంది. అక్కడ ఒగ్గు కథ విన్నవారికి ఇది అనుభవమే. మల్లన్న కథ చెప్పేవాడు ఒక్కడే ఎప్పుడూ నిలబడడు. పక్కన ఇంకొకడు ఉండి, మాట అందుకుంటూ, ‘అగో, గట్లనా?’ అని ఆశ్చర్యపోతూ, తెలిసిన కథనే తెలియనట్టు అడుగుతూ ఉంటాడు. వాడు తప్పుకుంటే డోలు ఉన్నా, తాళాలు ఉన్నా కథ కుంటుపడుతుంది.

అచ్చులోకి వచ్చాక ఆ రెండో మనిషి కనిపించకుండా పోయాడని నేననుకునేవాణ్ని. పోలేదు. సారు మెచ్చుకోలు, కుర్రాడి దాటవేత, మేనకోడలి కోపం, అన్నీ ఆలస్యంగా వినిపించిన ఊఁలే. వాటిలో ఏది సరైనదని తూకం వేయడం దండగ. అయితే ఊఁ అన్నాక ‘తర్వాత?’ అని అడిగినవాళ్లది ఒక మెట్టు పైన. మెచ్చుకోవడం, తప్పుపట్టడం పుస్తకం మూసేశాక చేసే పనులు. అవ్వ ప్రశ్న పుస్తకాన్ని మూయనివ్వలేదు.

‘ఇది ఒక్క భాగమే అవ్వా, ఇంకా ఉన్నయి’ అని ఆ రోజుకు తప్పించుకున్నాను. తర్వాత మిగతా భాగాలు కూడబెట్టాను. చివరి భాగం ముందే తిరగేసి జవాబు చెప్పొచ్చు గానీ, ఆమె వద్దంది. మనుమడు ఇప్పుడు మూడో భాగంలో ఉన్నాడు.