మల్ల చెట్టెక్కుతనా సారూ?

పాల్ ప్రిచర్డ్‌కు కొండలెక్కడమే వృత్తి, అదే ప్రాణం. ఇంగ్లండులోని బోల్టన్‌లో పుట్టి, వేల్స్‌లోని పలకరాతి గనుల గోడల మీద చెయ్యి తిరిగినవాడు. 1992లో పటగోనియాలోని సెంట్రల్ టవర్ ఆఫ్ పైనే మీద మిత్రులతో కలిసి ఎవరూ ఎక్కని దారిన ఎక్కాడు. 1997లో ఆయన రాసిన ‘డీప్ ప్లే’ పుస్తకానికి బోర్డ్‌మన్ టాస్కర్ బహుమతి వచ్చింది. ఆ డబ్బుతో దేశాలు తిరుగుతూ కొండలెక్కుదామని బయల్దేరి టాస్మానియా చేరాడు. అక్కడ కేప్ హోయ్ దగ్గర సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన 65 మీటర్ల రాతి స్తంభం ఉంది. దాన్ని టోటెమ్ పోల్ అంటారు. 1998 ఫిబ్రవరి 13న తాడు మీద దాని అడుగుకు దిగుతుంటే, ఆ తాడు ఒరుసుకుని పైనున్న రాయి ఊడింది. టీవీ పెట్టె అంత రాయి నెత్తిన పడింది.

పుర్రె పగిలి, తలకిందులుగా వేలాడుతున్న ఆయన్ను వెంట ఉన్న సీలియా బుల్ 30 మీటర్లు పైకి లాగి ఒక రాతి గట్టు మీదికి చేర్చింది. అందుకు మూడు గంటలు పట్టింది. అక్కడ ఆయన్ను కట్టి ఉంచి, సాయం కోసం అడవి దారిన పరుగెత్తింది.

ఆ తర్వాతి కథ నా బోటి డాక్టర్లకు రోజూ ఎదురయ్యేదే. మెదడు ఎడమవైపు దెబ్బ తింటే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతాయి. మనలో ఎక్కువమందికి మాట పుట్టేదీ ఆ పక్కనే గనక మాటా పోతుంది. ఫిట్స్ కూడా తోడవొచ్చు. ప్రిచర్డ్‌కు అన్నీ వచ్చాయి. దాదాపు ఏడాది ఆసుపత్రుల్లో గడిపి, నడక, మాట మొదటి నుంచి నేర్చుకున్నాడు. 2016 ఏప్రిల్‌లో, పద్ధెనిమిదేళ్ల తర్వాత, అదే స్తంభం దగ్గరికి తిరిగి వెళ్లాడు. స్నేహితులు ముందు ఎక్కి తాడు బిగించి ఇస్తే, ఎడమ చేతి మీదే 126 సార్లు ఒళ్లంతా పైకి లాక్కుంటూ కొస చేరాడు. కేథరీన్ పెట్‌మన్ తీసిన ‘డూయింగ్ ఇట్ స్కేర్డ్’ డాక్యుమెంటరీ ఈ కథే చెబుతుంది.

నా దగ్గరికొచ్చే రోగులకూ వాళ్ల ఇంటివాళ్లకూ ఈ కథ చెబుతుంటాను. చెప్పే ముందు ఒక మాట గట్టిగా అంటాను: ఆయనకు పక్షవాతం తగ్గలేదు. స్తంభం మీద నిలబడ్డ రోజున కూడా ఆ కుడి చెయ్యి పడిపోయినదే. ఈ మాట ముందే అనకపోతే, తండ్రి కొడుకు వైపు తిరిగి “చూడు, ఆయన కొండెక్కాడు, నువ్వు మంచం దిగవు” అంటాడు. మంచంలో ఉన్నవాణ్ని కొట్టడానికి ఆ కథ కర్ర కాకూడదు. “సంకల్పబలంతో జబ్బును జయించాడు” అనే మాట వింటే నాకు బాధగా ఉంటుంది. చచ్చిన మెదడు కణాలు సంకల్పంతో మొలవవు. పక్కనున్న భాగాలు కొంత పని అందుకుంటాయి. అందుకు ఒకే కదలికను వేలసార్లు చేయించాలి. మొదటి ఆరు నెలల్లో మెరుగు ఎక్కువ కనిపిస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదించడమంటే ఆగిపోవడం కాదు. ఆగిపోయిందనుకుని ఫిజియోథెరపీ మానేసినవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మన దగ్గర ఆ మొదటి నెలలే ఎక్కువగా చేజారుతున్నాయి. పావురం నెత్తురుతో మర్దన చేయించి, ఊరూరా తిరిగి, చెయ్యి బిగుసుకుపోయాక తీసుకొస్తారు. పడిపోయిన చెయ్యి మొదట మెత్తగా వేలాడుతుంది. కొన్ని వారాలకు మోచెయ్యి ముడుచుకుని పిడికిలి మూసుకుంటుంది. బలం వస్తోందని ఇంట్లో సంబరపడి చేతిలో రబ్బరు బంతి పెట్టి నొక్కిస్తారు. దాంతో ఆ బిగుతు ఇంకా పెరగొచ్చు. ఆ చెయ్యి పట్టుకుని లేపి కూర్చోబెడితే భుజం కీలు జారొచ్చు. నేను ముందు ఇంటివాళ్లకు చూపించేది భుజం కింద దిండు ఎక్కడ పెట్టాలన్నదే.

కొండలెక్కేవాళ్లు నా వార్డుకు రారు. వచ్చేవాళ్లు తాడిచెట్టు ఎక్కేవాళ్లు. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక గీత కార్మికుడు నా మనసులో ఉండిపోయాడు. మోకు జారి పడ్డాడు. 108 వచ్చేలోగా జనం చంకల కింద, మోకాళ్ల కింద పట్టుకుని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. నడుం విరిగిన మనిషిని చెక్క మీద వెల్లకిలా, కదలకుండా తీసుకురావాలి. కూర్చోబెడితే విరిగిన వెన్నుపూస నరాలను ఇంకా నలిపేస్తుంది. నడుం కింద చచ్చుబడిపోయి వచ్చాడు. తెలివి వచ్చిన దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: “మల్ల చెట్టెక్కుతనా సారూ?”

“ఎక్కలేవు అన్నా” అని చెప్పాను. వెంటనే కాదు, ఆపరేషన్ అయ్యి, పరీక్షలన్నీ చూశాక, పక్కన కూర్చుని చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అలాంటప్పుడు ధైర్యం చెప్పబోతే చేటు చేసినవాళ్లమవుతాం. నేను చేతులు పరీక్షించాను. బోదెను కావలించుకుని ఎక్కీ దిగీ ముంజేతుల మీద, రొమ్ము మీద కాయలు కాచాయి. భుజాల కండలు రాయిలా ఉన్నాయి. ఆ చేతులతో మంచం మీంచి తనను తాను ఎత్తుకుని చక్రాల కుర్చీలోకి జరగడం మామూలుగా చాలా వారాల సాధన. ఇతను వారం తిరగకుండా నేర్చుకున్నాడు. ప్రిచర్డ్ ఒక్క ఎడమ చేత్తో అంత ఎత్తు లాక్కున్నాడని వింటే నాకు కళ్లముందు మెదిలేది ఈయన చేతులే. చెట్టు ఇచ్చిన బలమే ఇప్పుడు కుర్చీకి పనికొచ్చింది.

ఆయన మళ్లీ చెట్టెక్కలేదు. ఊళ్లో కల్లు మండువ దగ్గర కూర్చుని కత్తులు నూరుతాడు. గీత కత్తికి పదును పెట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు. కొత్తగా వృత్తిలోకొచ్చిన పిల్లలు ఆయన దగ్గరికే తెస్తారు. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్లు, క్లిప్పులు ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. బరువుగా ఉందని పక్కన పెట్టేవాళ్లను ఆయన తిడతాడట. ఆ తిట్లకు నా సలహాల కన్నా ఎక్కువ విలువ ఉంటుంది.

ఇక మాట పోయినవాళ్ల సంగతి. బైకు మీంచి పడి ప్రిచర్డ్ లాగే ఎడమవైపు దెబ్బతిన్న ఒక డిగ్రీ విద్యార్థి ఉన్నాడు. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు తెలుస్తుంది. చెప్పాలనుకున్న మాటే నోటికి రాదు. గ్లాసు చూపిస్తే పేరు చెప్పలేడు గానీ, నేను “ఒకటి” అనగానే పది దాకా గడగడా లెక్కపెడతాడు. అలవాటుగా నోటికొచ్చేవి మెదడులో వేరే దారుల్లో నిలుస్తాయి. వాళ్లమ్మ ప్రతి ప్రశ్నకూ అతని బదులు తనే జవాబు చెప్పేది, అతను చెవిటివాడైనట్టు గట్టిగా అరిచేది. “అమ్మా, మీరు మెల్లగా మాట్లాడండి, తర్వాత ఊరుకోండి” అన్నాను. ఊరుకోవడం ఆమెకు ఎంత కష్టమో మొహంలో కనిపించింది. పెదవులు బిగబట్టి కూర్చుంది. కుర్రాడు చాలాసేపు పెనుగులాడి “నీళ్లు” అన్నాడు. ఆమె లేవబోతే చెయ్యి అడ్డం పెట్టి, తనే లేచి, ఎడమ చేత్తో గ్లాసు అందుకున్నాడు.

ఆ ప్రమాదం తనకు జరిగినవాటిలో మేలైనదని ప్రిచర్డ్ అన్నాడు. అనే హక్కు ఆయనదే. ఆ మాటను రోగికి నేను చెప్పను, వేరేవాళ్లను చెప్పనివ్వను.

ఈ కథ విన్నాక మగవాళ్లు ఎంత ఎత్తు, ఎన్ని గంటలు అని అడుగుతారు. వార్డులో ఆడవాళ్లు అడిగేది సీలియా గురించి: “అంత బరువు ఒక్కతే ఎట్ల లాగింది?” వాళ్లకు ఆ బరువు తెలుసు. గీత కార్మికుడి భార్య రెండు గంటలకోసారి ఆయన్ను పక్కకు తిప్పింది, రాత్రిళ్లు కూడా, ఒక్క పుండు పడనివ్వలేదు. మూత్రపు గొట్టం మార్చడం నర్సు దగ్గర నేర్చుకుంది. కూలి పోయింది, నడుం నొప్పి పట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు. అందుకని మా దగ్గర రోగి చీటీతో పాటు తోడున్న మనిషి పేరున కూడా ఓపీ చీటీ రాయిస్తాను. బీపీ చూస్తాను, నిద్ర పడుతోందా అని అడుగుతాను, బరువు ఎత్తేటప్పుడు నడుం కాకుండా మోకాళ్లు వంచమని చేసి చూపిస్తాను. “నాకెందుకు సారూ చీటీ” అంటారు. అయినా రాయిస్తాను.