ఆ రెండు పీరియడ్లూ ఉండనివ్వండి

పిల్లలు పదో తరగతిలోకి వచ్చారంటే చాలు, ఇంట్లో వాతావరణమే మారిపోతుంది. టీవీ బంద్, పెళ్ళిళ్ళు పేరంటాలు బంద్. బడిలోనూ అంతే. టైంటేబుల్లోంచి మొట్టమొదట ఎగిరిపోయేవి డ్రాయింగు, సంగీతం, క్రాఫ్టు పీరియడ్లు. ఆ గంటలో లెక్కల మాస్టారో, సైన్సు టీచరో వచ్చి కూర్చుంటారు. "పోతే పోనీలెండి, బొమ్మలు కూడు పెడతాయా?" అనేస్తారు చాలామంది తల్లిదండ్రులు.

మా చిన్నమ్మాయి చదివిన బడిలోనూ రెండేళ్ళ క్రితం ఇదే జరిగింది. ఆ సంగతి తోటి అమ్మలతో చెప్పుకుందామని ఇది రాస్తున్నాను. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు. ఇంటర్ పాసవగానే పెళ్ళయిపోయింది. కానీ వంటింట్లో ఇన్నేళ్ళు గడిపినదాన్ని కదా, చేత్తో చేస్తే వచ్చే చదువేమిటో నాకు బాగా తెలుసు.

మా చిన్నది వాళ్ళక్కలా చదువరి కాదు. లెక్కలంటే భయం, రసాయన శాస్త్రమంటే ఇంకా భయం. తొమ్మిదో తరగతిలో పొద్దున్న లేస్తే చాలు కడుపునొప్పి అనేది. డాక్టరుగారు చూసి, "కడుపులో ఏమీ లేదమ్మా" అన్నారు. చిత్రం ఏమిటంటే, మంగళవారం, శుక్రవారం మాత్రం ఆ నొప్పి వచ్చేది కాదు! నాకు అనుమానం వచ్చి దాని టైంటేబుల్ తీసి చూశాను. మంగళవారం క్రాఫ్టు, శుక్రవారం సంగీతం.

క్రాఫ్టు టీచరుగారు శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకున్నావిడ. ఆ ఏడాది పిల్లల చేత అదే చేయించారు. మా చిన్నది పెరట్లో ఒక పాత కుండ పెట్టి, అందులో తుప్పు పట్టిన మేకులు, బెల్లం వేసి, నీళ్ళు పోసి మూత పెట్టింది. రెండు మూడు వారాలు పులియాలట. నాలుగో రోజుకే వాసన! "ఏమే, పెరట్లో సారా కాస్తున్నావా?" అని మా అత్తగారి కేకలు. "కాదు మామ్మా, నల్లరంగు!" అని అది ఒకటే నవ్వు.

గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టారు. వెదురుపుల్లకి గుడ్డ చుట్టి కలం చేసుకున్నారు. కుండలోని నీళ్ళు చూస్తే బురదనీళ్ళలా ఉన్నాయి. గుడ్డ మీద గీయగానే నల్లగా తేలింది గీత! "ఎలాగే?" అన్నాను.

"కరక్కాయలో వగరు ఉంటుంది కదమ్మా, దాన్నే టానిన్ అంటారు. బెల్లం పులిసి ఆమ్లం అవుతుంది. అది ఇనుముని కరిగిస్తుంది. ఆ ఇనుమూ ఈ వగరూ కలిస్తే నలుపు. పాలలో వెన్న ఉంటుంది కాబట్టి రంగు పక్కకి పాకదు."

రసాయన శాస్త్రంలో వందకి 32 తెచ్చుకున్న పిల్ల చెప్పిన మాటలండీ ఇవి! ఇనప మూకుట్లో ఉసిరికాయ వేస్తే నల్లబడుతుందని మనందరికీ తెలుసు. ఎందుకు నల్లబడుతుందో నాకు మాత్రం ఆ రోజే తెలిసింది.

ఆ గుడ్డకే అంచు వెయ్యాల్సి వచ్చింది. గుడ్డ 36 అంగుళాలు. అంచంతా మామిడిపిందెలు రావాలి, మూలల్లో పువ్వు రావాలి. ముందు ఉజ్జాయింపుగా వేసుకుంటూ పోతే చివర సగం పిందె మిగిలింది. అప్పుడు కూర్చుని లెక్క కట్టింది. రెండు మూలలకీ రెండేసి అంగుళాలు తీసేస్తే 32. ఒక్కో పిందె నాలుగు అంగుళాలు, మొత్తం ఎనిమిది. ఎవరూ కొట్టకుండా, తిట్టకుండా తనంతట తనే చేసిన లెక్క అది.

సంగీతమూ అంతే. సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడించేవారు. ఆది తాళానికి ఎనిమిది దెబ్బలు. మొదటి కాలంలో దెబ్బకి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. తాళం మాత్రం మారకూడదు. అర, పావు అంటే పుస్తకంలో అర్థం కానిది, తొడ మీద తాళం వేస్తే అర్థమైంది. పైగా క్లాసంతా ఒకే శ్రుతిలో పాడాలి. ఫస్టు ర్యాంకు పిల్లా, ఆఖరి ర్యాంకు పిల్లా అక్కడ ఒక్కటే.

అలాంటిది, పదో తరగతి మొదలవగానే ఆ రెండు పీరియడ్లూ తీసేశారు. దాని కడుపునొప్పి మళ్ళీ వారమంతా మొదలైంది. "ఒక్క ఏడాదే కదా, ఊరుకో" అన్నారు మావారు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. పేరెంట్స్ మీటింగులో లేచి నిలబడ్డాను. గొంతు వణికింది. "మేడమ్, మా అమ్మాయి వారంలో రెండు రోజులే ఇష్టంగా బడికొచ్చేది. ఆ రెండు రోజులూ తీసేశారు. ఇక లెక్కలు ఎవరికి చెబుతారు?" అన్నాను. ఒక తండ్రి, "మా వాడికి ఐఐటీ ఫౌండేషన్ కావాలి, బొమ్మలు కాదు" అన్నాడు. వెనకాల ఇద్దరు తల్లులు మాత్రం, "ఆవిడ చెప్పింది నిజమే" అన్నారు. వారం తిరిగేసరికి క్రాఫ్టు పీరియడ్ తిరిగొచ్చింది. సంగీతం రాలేదు.

మా అమ్మాయికి ఆ తర్వాత ఫస్టు ర్యాంకు వచ్చిందని చెప్పను. మామూలు మార్కులతో పాసైంది. కడుపునొప్పి మాత్రం తగ్గింది. నాకు అదే పదివేలు.

ఇదేదో నా ఒక్కదాని గోల కాదు. పదో తరగతి దాకా కళలు చదువులో భాగంగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే చెప్పింది. ఒకటి నుంచి పన్నెండు దాకా వారానికి కనీసం రెండు పీరియడ్లు కళలకి ఇవ్వాలని సీబీఎస్‌ఈ 2019లో తన బడులకి చెప్పింది. తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లల కోసం కేంద్రం 2015లో కళా ఉత్సవ్ పోటీలు మొదలుపెట్టింది. కాగితాల మీద అన్నీ ఉన్నాయి. మన పిల్లల టైంటేబుల్లోకి రావడమే ఆలస్యం.

చూసే కన్ను ఒకటి బడిలో ఉంటే ఏమవుతుందో రాజమండ్రి వాళ్ళకి తెలుసు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర, దామెర్ల రామారావులోని చిత్రకారుణ్ణి గుర్తించి ప్రోత్సహించారు. ఆ కుర్రాడు బొంబాయి జె.జె. స్కూల్లో చదివి గొప్ప చిత్రకారుడయ్యాడు. ముప్ఫై ఏళ్ళయినా నిండకుండా 1925లో పోయినా, రాజమండ్రిలో ఆయన పేరిట చిత్రశాల ఉంది. మన పిల్లలందరూ రామారావులు కానక్కర్లేదు. తలెత్తుకునే గంట ఒకటి వాళ్ళకీ ఉంటే చాలు.

అందుకే జూన్‌లో బడి తెరవగానే ఫీజుతో పాటు టైంటేబులూ అడగండి. డ్రాయింగు పీరియడ్ ఉందా, ఉంటే నిజంగా డ్రాయింగు టీచరే వస్తున్నారా కనుక్కోండి. ఒక్కరు అడిగితే గోల అంటారు, నలుగురు అడిగితే వింటారు. ఇంట్లో రంగులు ఒలికితే పాత పేపరు పరవండి, తిట్టకండి. పోటీ ఉందని పిల్ల బొమ్మ మీరు వేసి పంపకండి.

అన్నిటికన్నా ముందు, మీ పిల్ల ఏ రోజున హుషారుగా బడికి బయలుదేరుతోందో ఒక్క వారం గమనించండి. ఆ రోజు ఏ పీరియడ్ ఉందో చూసి, దాన్ని ఎవరూ లాక్కుపోకుండా కనిపెట్టుకుని ఉండండి. ఏమంటారు?